మన ఒంటి మీద ఎరుపు ఏ రంగు?

కువైట్ హవల్లీలో మా పై అంతస్తులో ఉండే డాక్టరు గారిది విజయవాడ. చర్మవ్యాధుల నిపుణురాలు. ఒక శుక్రవారం పొద్దున రెండు లావుపాటి పుస్తకాలు మోసుకుని మా ఇంటికి దిగి వచ్చారు. కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా బొమ్మల పేజీలు తిప్పుతూ పోయారు. తామర, గజ్జి, సోరియాసిస్, దద్దుర్లు. ప్రతి బొమ్మలోనూ తెల్లటి చర్మం, దాని మీద ఎర్రటి మచ్చ.

"పత్రికలో ఏళ్ల తరబడి ఫోటోలు చూశారు కదా, ఇందులో ఏం లేదో చెప్పండి" అన్నారు.

అది చెప్పడానికి పత్రికలో పనిచేసి ఉండాల్సిన అవసరం లేదు. మనం లేము.

ఎరుపు మన ఒంటి మీద ఎరుపుగా ఉండదని ఆవిడ ఓపిగ్గా వివరించారు. చామనఛాయ మీద అది వంకాయ రంగులోకి తిరుగుతుంది. ఇంకా నల్లటి ఒంటి మీద బూడిద రంగులోనో, మాడిన కాఫీ గింజ రంగులోనో ఉంటుంది. చర్మవైద్యం కళ్లతో నేర్చుకునే చదువు. కుర్ర డాక్టర్ల కళ్లు ఏ బొమ్మలకు అలవాటు పడితే ఆ ఒళ్ల మీదే రోగాన్ని పోల్చుకోగలుగుతాయి. కువైట్‌లో ఏ ఆసుపత్రి వరుసలో చూసినా అన్ని రంగుల మనుషులూ ఉంటారు. పుస్తకంలో మాత్రం ఒకటే రంగు.

ఆవిడ పనిచేసే ఆసుపత్రిలో కొత్త డాక్టర్లకు తరగతులు జరుగుతాయి. బొమ్మలు మార్చాలని ఆవిడ చాలాకాలంగా అడుగుతున్నారు. చివరికి పెద్ద డాక్టరు గారు, తెచ్చి చూపించండి, బాగుంటే వచ్చే తరగతిలో వాడదాం అన్నారట. ఆ "బాగుంటే" దగ్గరే అంతా ఆగింది. ఫోటోలు స్పష్టంగా ఉండాలి. మనుషులు ఇష్టపడి ఇవ్వాలి. తెలుగు, హిందీ వచ్చినవాళ్లు ఒకరు పక్కన కూర్చుని వచ్చినవాళ్లకు విషయం చెప్పాలి. నా దగ్గరికి వచ్చింది అందుకే.

ఆవిడ మొదట అడిగింది మా వీధి చివర ఒక ఇంట్లో పనిచేసే రాయచోటి వైపు ఆవిడను. ఆమెకు ముంజేతుల మీద బూడిద రంగు పొలుసుల మచ్చలు వచ్చాయి. ఎక్కడో ఒక కుర్ర డాక్టరు చూసి తామర అని పూతమందు రాశాడు. నెలలు గడిచినా తగ్గలేదు. ఇంట్లో మామా, అంటే యజమానురాలు, భయపడి ఆమె కంచం, గ్లాసు వేరు పెట్టింది, వంటింట్లోకి రావద్దంది, ఇంక ఊరికి పంపేద్దామా అనే ఆలోచనలో పడింది. అప్పుడు ఆమె మా డాక్టరు గారి దగ్గరికి వచ్చింది. అది సోరియాసిస్. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఆ మాట డాక్టరు గారే మామాకు ఫోన్ చేసి అరబ్బీలో చెప్పాక ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లింది.

ఇంత జరిగినా ఫోటో అనేసరికి ఆమె చేతులు కొంగులోకి లాక్కుంది.

"వద్దు డాక్టరమ్మా. ఆ ఫోటో తిరిగి తిరిగి ఎవురి ఫోన్లోనో పడితే, రేపు ఇఖామా కాడ ఏమంటారో ఏమో." ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు.

ముఖం ఉండదు, పేరు ఉండదు, వద్దన్నా వైద్యం ఆగదు అని డాక్టరు గారు చెప్పారు. బతిమాలలేదు. ఆమె ఆ పుస్తకాలు ఒకసారి చూపించమంది. ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి ఆగుతూ నెమ్మదిగా తిప్పింది.

"దీంట్లో మన మాదిరోళ్లు ఒక్కరు గూడా లేరే" అంది నాకేసి చూసి. "ఆ పిల్ల డాక్టరు తామర అన్న్యాడంటే ఆయప్ప తప్పేముండాదక్కా? ఆయప్పకు ఎవురూ చూపీలేదు."

తర్వాత కొంగు తీసి చెయ్యి బల్ల మీద పెట్టింది. ఒక్కటే షరతు. మోచేతి కింద పచ్చబొట్టు ఉంది, ఊళ్లో అందరికీ అది తెలుసు, అది మాత్రం పడకూడదు. పడలేదు.

ఆ మాట ఆమె నుంచి మిగతావాళ్లకు పాకింది. ఆసుపత్రి వాళ్లు శుక్రవారం పొద్దున ఖాళీగా ఉండే ఒక గది ఇచ్చారు. మొదటి వారం నేను అనుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, షువైఖ్ గ్యారేజీల నుంచి మెకానిక్కులు, డ్రైవర్లు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. గదంతా సెంటు వాసన. అందరి సందేహాలూ తీర్చి, ఒప్పుకున్నవాళ్లను లోపలికి పంపాను. డాక్టరు గారు ఎవరినీ పరీక్షగా చూసే తీరిక లేకుండా వరసగా ఫోటోలు తీసుకుంటూ పోయారు.

అవి కంప్యూటర్లో తెరిచి ఆవిడ ఒక్కోటీ పెద్దది చేసి చూశారు. ఏ ఫోటోలో చూసినా సున్నం కొట్టిన గోడ. ఫోటో అన్నారు కదా అని వచ్చినవాళ్లంతా పౌడరు రాసుకుని వచ్చారు. ముఖానికే కాదు, మెడకు, చేతులకు, మచ్చ ఉన్నచోట మరికాస్త మందంగా. అమ్ఘరా తుక్కు యార్డులో పనిచేసే ఒకాయన సెలవు దొరక్క ఫోన్లోనే తన చెయ్యి ఫోటో తీసి పంపాడు. ఆ ఫోన్ తనంతట తానే చర్మాన్ని నునుపు చేసి, తెల్లగా మార్చి పెట్టింది.

"ఈయనకు వైద్యం అక్కర్లేదండీ, ఫోన్ నయం చేసేసింది" అన్నారు డాక్టరు గారు. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

నవ్వు తగ్గాక నాకు వాళ్లు చేసింది సహజమే అనిపించింది. బడిలో గ్రూప్ ఫోటో దగ్గర్నుంచి పెళ్లి ఆల్బమ్ దాకా స్టూడియోవాడి మొదటి పని రంగు ఒక మెట్టు పెంచడమే. పత్రికల్లోనూ అంతే, నల్లటి ముఖం అచ్చులో సిరా మరకలా పడుతుందని ఫోటో విభాగంలో ముందే వెలుతురు పెంచుతారు. ఉన్న రంగు ఉన్నట్టు కావాలని వీళ్లను ఇంతవరకు అడిగినవాళ్లు లేరు.

మరుసటి శుక్రవారం ఆ మాట డాక్టరు గారే తలుపు దగ్గర నిలబడి చెప్పారు. "మీ రంగు నాకు అడ్డం కాదండీ. నాకు కావలసిందే అది."

కుళాయి దగ్గర సబ్బు, తువ్వాళ్లు పెట్టించారు. అక్కడి పెత్తనం రాయచోటి ఆవిడ తీసుకుంది.

"యల్లా యల్లా, పౌడరు ఖలాస్. మెడ గూడా కడుక్కో నాయనా, పెండ్లికొడుకు మాదిరి వచ్చినావు."

"పెళ్లినాడు కూడా నన్నింతలా తోమలేదండీ బాబూ" అన్నాడు షువైఖ్ మెకానిక్. గోదావరి వైపు మనిషి. ఆయన వెనక ఉన్నవాళ్లు, గ్రీజు పోయాక కింద మనిషే లేకపోతే ఎట్లా అని ఏడిపించారు.

తడి చర్మం మెరుస్తుంది కాబట్టి ఆరేదాకా కూర్చోబెట్టారు. ఫ్లాష్ లేదు, కిటికీ వెలుతురే. ఈసారి తెర మీద మచ్చలు మచ్చల్లా, మనుషులు తమ రంగులో కనిపించారు. ఆ తర్వాతి వారాల్లో ఒక ఇథియోపియా అమ్మాయి వచ్చింది, ఒక బంగ్లాదేశ్ తోటమాలి వచ్చాడు. ఇద్దరినీ మాట్లాడి తీసుకొచ్చింది రాయచోటి ఆవిడే. ఆమె దగ్గరున్న అరబ్బీ, హిందీ ముక్కలు అందుకు సరిపోయాయి. ఒకటే రోగం ఈ ముగ్గురి చేతుల మీద మూడు రకాలుగా ఉంది. తెల్లవాళ్లు కానివాళ్లంతా ఒకటే అనుకోవడం ఇంకో తప్పని, ఆ తప్పు తన బొమ్మల్లో ఉండకూడదని డాక్టరు గారు అన్నారు.

తరగతి రోజున ఆవిడ అనుమతి అడిగి నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు. నానాదేశాల కుర్ర డాక్టర్లు, ముందు కుర్చీలో పెద్ద డాక్టరు గారు. తెర మీద మొదట పడింది రాయచోటి ఆవిడ ముంజెయ్యి. ఇదేమిటని అడిగారు డాక్టరు గారు. ఒకరు తామర అన్నారు. ఇద్దరు దాన్నే బలపరిచారు. ఇంకొకరు పొడి చర్మం, నూనె రాస్తే చాలన్నారు. రెండో వరసలో ఒక సూడాన్ అమ్మాయి మాత్రం సోరియాసిస్ అంది. ఎలా చెప్పగలిగావని పెద్ద డాక్టరు గారు వెనక్కి తిరిగి అడిగారు. మా ఇంట్లో ఇది ఇలాగే కనిపిస్తుంది సార్ అంది.

ఆయన మిగతావాళ్లను తెర దగ్గరికి పిలిచారు. మచ్చ అంచు, పొలుసు, దాని కింది వంకాయ రంగు దగ్గరుండి చూపించారు. ఆ తర్వాత మిగతా ఫోటోలన్నీ పూర్తయ్యేదాకా ఎవరినీ లేవనివ్వలేదు. చివర్లో రెండు మాటలే అన్నారు. ఇకనుంచి తరగతిలో పాత బొమ్మల పక్కన ఇవి కూడా ఉంటాయి, ఈ పాఠం ఈవిడే చెబుతారు. తలుపు దాకా వెళ్లి మళ్లీ ఆగి, పిల్లల ఫోటోలు ఒక్కటీ లేవేం అని అడిగారు. అది ఫిర్యాదులా కాక, పని అప్పజెప్పినట్టు వినిపించింది. దారిలో కారు నడుపుతూ డాక్టరు గారు ఆ ప్రశ్ననే రెండుసార్లు తలుచుకున్నారు.

శుక్రవారం గది తెరిచేసరికి రాయచోటి ఆవిడ అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. జరిగినదంతా చెప్పాను. తన ఫోటో మొదట వేశారన్న సంగతి వదిలేసి, మిగతావాళ్ల గురించి అడిగింది.

"తప్పు చెప్పినోళ్లకు మల్లా చూపించినారా?"

"దగ్గరికి పిలిచి చూపించారు."

"అప్పుడు సరిగ్గా చెప్పినారా?"

"చెప్పారు. తర్వాత వచ్చిన ఫోటోల్లో చాలావరకు వాళ్లే పోల్చుకున్నారు."

"అయితే సరేలే" అంది లేస్తూ. "పిల్లోల్లవి లేవన్న్యారంట గదా. మా డ్రైవరు కూతురికి మోకాళ్ల మీద ఇట్లనే ఉండాది. అడిగి చూస్తా. వాళ్లమ్మ ఒప్పుకుంటేనే."