నాలుగో నంబరు రసీదు

బీఎస్సీ ఫలితాల్లో నాకూ నా మిత్రుడికీ థర్డ్ క్లాసే వచ్చింది. నిజామాబాద్‌లో మా కాలేజీ గోడకు అంటించిన కాగితంలో నంబరు చూసుకుని నేను నీడ వెతుక్కుంటుంటే, అతను నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లేరా, తప్పలేదుగా" అని నవ్వాడు. ఎదురుగా ఉన్న హోటల్లో రెండు చాయ్‌లు చెప్పాడు. అతనికి నాకంటే మూడు మార్కులే ఎక్కువ. ఆ మూడు మార్కులు నన్ను పెద్దగా బాధించలేదు. థర్డ్ క్లాసు వచ్చిన మనిషి అంత హాయిగా చాయ్ ఊదుకుంటూ తాగడం మాత్రం ఓర్చుకోలేకపోయాను.

అతని వాళ్లు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొన్నవాళ్లు. అలాంటి వాళ్లు కట్టుకున్న ఊళ్లను మావైపు క్యాంపులు అంటారు. అతను పుట్టిందీ చదివిందీ ఇక్కడే, మాట మాత్రం వాళ్లింటిది. మాది కోటగిరి వైపు పల్లె. వాళ్లు వరి పండించేవాళ్లు, మేము చెరుకు. బడి నుంచి డిగ్రీ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. జువాలజీ రికార్డులో అతను కప్పను గీస్తే రక్తనాళాలు, నరాలు విడివిడిగా కనిపించేవి. నేను గీస్తే రబ్బరుతో తుడిచి తుడిచి కాగితం చిరిగేది. లెక్చరర్ అతని రికార్డు పైకెత్తి క్లాసుకు చూపించినప్పుడల్లా నేను కిటికీ బయటికి చూసేవాణ్ని.

డాక్టర్ కావాలని మాత్రం ఇద్దరికీ ఒకేలా ఉండేది. నాకైతే కారణం చాలా చిన్నది. మా ఊరికి అప్పుడప్పుడు జీపులో డాక్టర్ వచ్చేవాడు. ఆయన దిగగానే మా నాన్న, మా మాటలో బాపు, మంచం మీది నుంచి లేచి నిలబడేవాడు. ఊళ్లో ఎవరిముందూ లేవని మనిషి. నాకోసం కూడా అలా ఎవరైనా లేవాలని నా కోరిక.

ఎంబీబీఎస్ మా మార్కులకు అందదు. హైదరాబాద్‌లో హోమియో కాలేజీ ఉందని, అక్కడ మా వంటి వాళ్లకు కొంత ఆశ ఉంటుందని తెలిసింది. రెండు పేపర్లు మళ్లీ రాసి మార్కులు పెంచుకునే వీలు కూడా ఉండేది. ఇద్దరం రాశాం. ఆ ఫలితాలు ఇంకా రాకముందే కాలేజీ ప్రకటన పత్రికలో పడింది. సోమవారం నుంచి నెల రోజుల పాటు దరఖాస్తులు తీసుకుంటారు. సొంతంగా వెళ్లి ఇస్తే రసీదు ఇస్తారు.

ఈ సంగతి ఊళ్లో పొక్కగానే వేళాకోళాలు మొదలయ్యాయి. బోధన్‌లో మేము కూర్చునే హోటల్ యజమాని అందరికంటే ముందున్నాడు.

"ఏందిర, గోలీల డాక్టర్లు అయితరటగద? అవి చక్కెర గోలీలేనట. చక్కెర ఫ్యాక్టరీ ఊరోళ్లకు చక్కెర అమ్ముతరా?"

"నీకైతే ఊరికే ఇస్తాం బాబాయ్, ముందు నీ చాయ్‌లో కాస్త చక్కెర వెయ్యి" అన్నాడు నా మిత్రుడు. హోటలంతా నవ్వింది. ఆ జవాబు నాకెందుకు తట్టలేదా అని ఇంటికి పోయేదాకా నాలో నేను నమిలాను.

బుధవారం పొద్దున బోధన్ బస్టాండ్‌లో కలుసుకుని, మొదటి బస్సుకు నిజామాబాద్, అక్కణ్నుంచి రైలుకు హైదరాబాద్ పోదామని అనుకున్నాం. ఇంట్లో ఆ మాట చెప్పాను. బాపు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుంటూ ఆగాడు.

"ఫారాలు ఎన్నటిసంది తీస్కుంటరు?"

"సోమారం సంది."

"మరి బుధారం దాక ఎందుకు ఆగుడు?"

"వాడు, నేను కలిసి పోదామనుకున్నం బాపు."

"వానికేంది బిడ్డా, వరి. రెండు దినాలు ఆగి కోసినా వడ్లే. నీది గట్ల గాదు. పేరు ముందుగాల ఎక్కాలె."

చెరుకు రైతు బతుకు తెలియని వాళ్లకు ఈ మాట అర్థం కాదు. చెరుకు నాటగానే ఫ్యాక్టరీ నుంచి ఫీల్డ్‌మన్ వచ్చి పుస్తకంలో పేరు రాసుకుంటాడు. ఆ వరుస ప్రకారమే కోతకు చిట్టీలు వస్తాయి. పేరు ముందుంటే చెరుకు మంచి బరువు మీద ఉండగా కోత పడుతుంది. వెనకబడితే ఎండలు ముదిరేదాకా చేను నిలబడి, గడలు ఎండి తేలికైపోతాయి. ఆ పుస్తకంలో ముందుగా ఎక్కడం కోసం బాపు ఒకసారి సొంత మేనకోడలి పెళ్లి పందిట్లోంచి లేచిపోయాడు. మా ఇంట్లో తెలివి అంటే అదే.

"కొత్త మార్కులు ఇంక రాలే గద" అన్నాను.

"మార్కులు ఎనుక పంపొచ్చు. నంబరు ఎనుక దొరకదు."

బాపు మీదికి నెట్టి తప్పించుకోవడం నాకిష్టం లేదు. దరఖాస్తు అడుగున, దానితో జతపరచిన పత్రాలను మాత్రమే చూస్తామని ఇంగ్లిష్‌లో అచ్చేసి ఉంది. రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది కూడా. అయినా, ఒక్కసారైనా అతనికంటే ముందు నా పేరు ఎక్కుతుందన్న ఊహ ముందు ఆ వాక్యం చాలా చిన్నదైపోయింది. ఆదివారం మధ్యాహ్నం అతనికి చెప్పకుండా బస్సెక్కాను.

సోమవారం పొద్దున కాలేజీ కిటికీ తెరిచేసరికి నా ముందు ముగ్గురే ఉన్నారు. రసీదు మీద నాలుగు అని వేసి ఇచ్చారు. తిరుగు రైల్లో దాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో. ఇంటికి రాగానే బాపు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కోత చిట్టీలు దాచే రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. "నాలుగు!" అని అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పాడు. అవ్వ బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది.

బుధవారం అతను బస్టాండ్‌లో నాకోసం చూస్తుంటాడని తెలుసు. నేను చెరుకుకు నీళ్లు కట్టడానికి పోయి పొద్దు గూకేదాకా చేనులోనే ఉన్నాను.

మూడు వారాలకు కొత్త మార్కులు కాలేజీ గోడకు అంటించి, మెమోలు ఇచ్చారు. నాకు అతనికంటే పదకొండు మార్కులు ఎక్కువ! ఇన్నేళ్లలో మొదటిసారి. ఆ మెమోను రిజిస్టర్ పోస్టులో కాలేజీకి పంపి నిశ్చింతగా ఉన్నాను. అతను దరఖాస్తు ఇచ్చాడో లేదో అడగలేదు. అడిగితే బస్టాండ్ మాట వస్తుంది. అతనూ మావైపు రాలేదు.

ఎంపికైన వాళ్ల జాబితా చూడడానికి నేను ఒక్కణ్నే వెళ్లాను. కింది నుంచి ఐదో పేరు అతనిది. నా పేరు కోసం కింది నుంచి పైకి, పైనుంచి కిందికి వెతికాను. చివరికి కిటికీ దగ్గరికి పోయి గుమాస్తాకు రసీదు చూపించాను.

"సార్, నాది నాలుగో నంబరు."

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. "అయితే?"

"నాలుగో నంబరు సార్. నా ముందల ముగ్గురే."

"అరె భాయ్, గిదేమన్న రేషన్ దుకానమా, ముందొచ్చినోనికి ముందు ఇచ్చెటందుకు? మార్కులను బట్టి తీసిన్రు." పాపం, ఫైలు కూడా తీసి చూశాడు. "నీ ఫారంల పాత మెమో ఉన్నది. కొత్తది ఎనుక వచ్చింది, పక్కకు పెట్టిన్రు. ఫారం కింద రాసి ఉన్నది, సద్వలేదా?"

చదవలేదని చెప్పాను.

అతని రసీదు నంబరు మూడు వందలు దాటిందని తర్వాత తెలిసింది. చివరి రోజు, చివరి గంటలో, కొత్త మెమో జతచేసి ఇచ్చాడట.

ఇంటికి వచ్చి నేను మొదట అన్న మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అన్నీ క్యాంపోళ్లకే దొరుకుతయి" అన్నాను. బాపు చెప్పులు విడుస్తున్నవాడు ఆగి నావైపు చూశాడు.

"వాళ్లను అనకు. వానికి మార్కులొచ్చినయ్, సీటొచ్చింది. నీకు నంబరొచ్చింది."

ఆ తర్వాత చాలా రోజులు బాపు నా ముఖం చూసి మాట్లాడలేదు. అది కోపం కాదని నాకు తెలుసు.

ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలై బోధన్ గాలంతా చెరుకు మడ్డి వాసన వేస్తున్న రోజుల్లో హైదరాబాద్ నుంచి అతని ఉత్తరం వచ్చింది. "వచ్చే ఏడు నువ్వు తప్పకుండా రా. నీ కొత్త మార్కులకి ఢోకా ఉండదు. నా గదిలో ఇంకో మంచం పడుతుంది, ఎవరికీ ఇవ్వకుండా ఆపాను" అని రాశాడు. అందులో ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా లేదు. దొరుకుతుందేమోనని నాలుగుసార్లు చదివాను. జవాబు రాయలేదు.

మరుసటి ఏడు బాపే ఎవరితోనో చెప్పి ఫారం తెప్పించాడు. "ఈసారి నంబరు సూడకు, అన్ని కాయితాలు పెట్టి పంపు" అన్నాడు. నా మార్కులు ఆ ఏటి జాబితాకు బాగానే సరిపోయేవి. కాని చేరితే అతనికి జూనియర్ని అవుతాను. అతను ఎదురైతే మిగతా కుర్రాళ్లతో పాటు నేనూ పక్కకు జరిగి నిలబడాలి. అతని పాత నోట్సు అడిగి రాసుకోవాలి. అతను సంతోషంగా ఇస్తాడు కూడా. అది తలుచుకుంటే నా చెయ్యి ఫారం మీదికి పోలేదు. గడువు దాటిపోయింది. చేనుపని తెమలలేదని ఇంట్లో చెప్పాను.

నిజామాబాద్ నుంచి ఒక పత్రికకు వార్తలు పంపే పని ఆ ఏడే దొరికింది. చెరుకు ధరలు, కాలువ నీళ్లు, నవీపేట్ దగ్గర గోదావరి వరద, వేల్పూర్ పసుపు. రాసి కవరులో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని. పని పట్టుబడింది. పేరూ కొద్దిగా వచ్చింది. కొన్నేళ్లకు అతను చదువు ముగించుకుని బోధన్‌లో వైద్యశాల తెరిచాడు. ప్రారంభానికి నన్ను పిలిచాడు. "నాలుగు ముక్కలు రాయరా" అన్నాడు. రాశాను. పట్టణంలో ఒక హోమియో వైద్యశాల ప్రారంభమైందని రెండే లైన్లు, అతని పేరు లేకుండా. తర్వాత కలిసినప్పుడు, "పేరు పళ్లేదేంట్రా?" అని అడిగాడు.

"పేపర్ డెస్కోళ్లు కోసిన్రు" అన్నాను.

ఏడాది తిరక్కుండానే అతని దగ్గరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని రావడం మొదలైంది. బాపుకు మోకాళ్లు పట్టేశాయి. నాకు తెలిసిన ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లాను, తగ్గలేదు. "ఆ బిడ్డ దగ్గరికి ఎందుకు తోలుకపోవు?" అని బాపు అడిగాడు. ఇంక తప్పలేదు.

"రండి బాబాయ్ గారూ" అని అతనే వచ్చి చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. హోమియోలో ప్రశ్నలు ఎక్కువ. నొప్పి చలికి పెరుగుద్దా, వేడికా? కలలొస్తాయా? కోపం ఉందా? ఎవరినన్నా చూసి ఓర్వలేకపోవడం ఉందా? బాపు కొంతసేపు ఓపిక పట్టాడు.

"నొప్పి మోకాల్లల్ల ఉంటె గిన్ని అడుగుతున్నవేంది బిడ్డా? నాకేమన్న సంబంధం సూస్తున్నవా?"

అతను నవ్వి రాసుకున్నాడు. బాపుకు మందు కట్టి నావైపు తిరిగాడు. "నీకేంట్రా, చిక్కిపోయావు?"

"నిద్ర వడ్తలేదు." ఎందుకు చెప్పానో తెలియదు. అతను కొత్త పేజీ తిప్పి మళ్లీ అవే ప్రశ్నలు మొదలుపెట్టాడు. చలి, దాహం, కోపం. తర్వాత అదే గొంతుతో, "ఎవరినన్నా చూసి ఓర్వలేకపోవడం?"

"లేదు."

"డాక్టర్ దగ్గర అబద్ధం జెప్పకుర" అన్నాడు బాపు. అతనివైపు తిరిగి, "నీ పేరెత్తితె అన్నం కాడికెల్లి లేస్తుండె ఈడు. రెండో ఏడు ఫారం తెచ్చిస్తె గందుకే నింపలే. నాకు తెల్వదనుకుంటడు."

అతను ఆ మాట కూడా రాసుకున్నాడు. తలెత్తకుండానే, మిగతా జబ్బులకు అడిగినట్టే, "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర అబద్ధం సిద్ధంగా లేకపోయింది. కప్ప బొమ్మల సంగతి, రెండు లైన్ల వార్త సంగతి, అన్నీ చెప్పాను. "నీకు చెప్పకుండ సోమారమే పోయిన" అన్నాను చివరికి.

"ఆ ముక్క అప్పుడే తెలుసు. బుధవారం మూడు బస్సులు వదిలేసి నీకోసం కూర్చున్నా. మీ ఊరాయన కనబడి, నువ్వు ఇచ్చేసి వచ్చేశావని చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి ఫారం చించబోతే మా అమ్మ లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది. ఆ కోపం తగ్గి మళ్లీ దాన్ని తీసేసరికి కొత్త మెమో వచ్చింది." సీసాలోకి గోళీలు పోస్తూ అన్నాడు: "నువ్వు ఆగుంటే ఇద్దరం బుధవారమే పాత మార్కులతో ఇచ్చేవాళ్లం. ఇద్దరికీ వచ్చేది కాదు."

బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నంబరు మాట జెప్పింది నేనే బిడ్డా" అన్నాడు, నాతో కాదు, అతనితో.

"అందుకే మీ మందుకి డబ్బులు తీసుకోను" అన్నాడు అతను. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను బయట బెంచీల మీద వంతు కోసం కూర్చున్న జనాన్ని చూస్తూ నిలబడ్డాను. అంతమంది.

నా సీసా నా చేతిలో పెట్టి, పొద్దున్నే పరగడుపున నాలుగేసి వేసుకోమన్నాడు, నెల తర్వాత వచ్చి ఎలా ఉందో చెప్పమన్నాడు. వేసుకున్నాను. మూడో వారానికి నిద్ర పట్టింది. బాపును చూపించడానికి ఆ తర్వాత ఎన్నోసార్లు అక్కడికి వెళ్లాను. మందు పనిచేసిందని మాత్రం అతనికి చెప్పలేదు.