ఉత్తుత్తి పాముకాటు, నిజమైన అత్త

నా చదువుకాలంలో జరిగిన ఒక ఘోరం చెబుతాను, నవ్వకుండా వినండి. నవ్వొస్తే తప్పు మీది కాదు. నాదీ కాదు. సిద్ధాంతాలది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. మా టీచరమ్మకు పుస్తకాల పిచ్చి. చదువు మనిషికి ఎలా ఒంటబడుతుందో చెప్పే సిద్ధాంతాలన్నీ చదివి మామీద ప్రయోగించేది. వాటిలో రెండు నాకు అర్థమయ్యాయి, అంటే అర్థమయ్యాయనుకున్నాను. నిజమని నమ్మి చేస్తేనే పని చేతికొస్తుందని ఒకటి. చేసేటప్పుడు తప్పు జరిగినా టీచరు అడ్డురాకుండా, అంతా అయ్యాకే కూర్చోబెట్టి మాట్లాడాలని ఇంకొకటి. అందుకని మాలో ఒకరు రోగి, ఒకరు నర్సు. రోగం ఉత్తుత్తిది, మార్కులు మాత్రం నిజమైనవి.

ఆ రోజు నేను పాము కరిచి స్పృహ తప్పినదాన్ని. నా స్నేహితురాలు కరీమున్ నర్సు. టీచరమ్మ నా కాలిమీద ఎర్రసిరా చుక్కలు పెట్టింది.

"నేను చప్పట్లు కొట్టేదాకా కన్ను తెరిస్తే పరీక్ష తప్పినట్టే. చుట్టాలెవరన్నా వచ్చి ఏడ్చినా ఏడుస్తారు. నర్సు వాళ్లను గూడా సముదాయించాల."

తప్పితే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తానని మా నాన్న ముందే చెప్పాడు. అందుకే కట్టెలా బిగుసుకున్నాను.

సరిగ్గా అప్పుడే, నన్ను పెంచిన మా మేనత్త ఓబులమ్మ, చెప్పాపెట్టకుండా సింహాద్రిపురం నుంచి నన్ను చూడ్డానికి వచ్చింది.

"సుబ్బీ! ఏందే ఇది? ఏమైందమ్మా నా బిడ్డకు?"

"పాము కరిచింది," అంది కరీమున్ గంభీరంగా.

"ఎట్ల బోతివే నా తల్లీ!" అని అత్త గుండెలు బాదుకుంది.

"భలే ఏడుస్తాండావత్తా! రోంత మెల్లగా ఏడు, పక్కన రోగులుండారు," అంది కరీమున్.

అత్తను టీచరమ్మే పిలిపించిందని కరీమున్ అనుకుంది. కరీమునే పిలిపించిందని టీచరమ్మ అనుకుని, మూల నిలబడి మెచ్చుకోలుగా తల ఊపింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు నాకున్నది ఒకే సందేహం. ఈమె నిజం అత్తా, పరీక్ష అత్తా? గొంతు అత్తదే. కానీ సిద్ధాంతం కోసం మా టీచరమ్మ అత్తలను కూడా తెప్పించగలదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మార్కులకు ఆశపడ్డ పిల్ల మొండివాడికన్నా మొండి. కన్ను తెరవలేదు.

"పెండ్లిమర్రి సంబంధమోళ్లకు ఏం జెప్పాలనే? మా సుబ్బికి కోపమే రాదని అబద్ధమాడి ఒప్పిస్తినే!"

నాకు కోపం వచ్చింది. అయినా కదల్లేదు.

"యాడికి పోతివే..." అంటూ అత్త గొంతు ఆగిపోయింది. ధబ్బున చప్పుడు.

"పడేది గూడా శానా బాగా పడింది!" అంది కరీమున్.

అది నటించే చప్పుడు కాదు. మార్కులు గంగలో కలవనీ అని మంచం మీదనుంచి దూకాను. అత్తను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పట్టమని కరీమున్ మీద అరిచాను. నాడి చూశాను, ముఖాన నీళ్లు చల్లాను. నేర్చుకున్నది ఒక్కటీ మరిచిపోలేదు.

అత్త కళ్లు తెరిచింది. నన్ను చూసింది. తెల్లబట్టల్లో ఉన్న కరీమున్‌ను, టీచరమ్మను చూసింది.

"సుబ్బీ," అంది నీరసంగా, "నేను గూడా సచ్చినానా?"

టీచరమ్మ అప్పుడు చప్పట్లు కొట్టింది. రోగిగా నేను తప్పానట, నర్సుగా నెగ్గానట. ఈ తీర్పు అర్థమయ్యేలోపే అత్త లేచి కూర్చుని నా చెంప పగలగొట్టింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? చావనేల, లేవనేల? అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా అత్త అనుమతి లేనిదే జన్మలో చావను.