గుమ్మపాలు పట్టిన చేతులతోనే ప్రార్థించాను

సహోదరులారా, సహోదరీలారా, నేను అల్మాస్‌గూడ బాలమణిని, బర్రెల బాలమణి అంటే మీలో చాలామందికి ఇంకా తొందరగా గుర్తొస్తాను. నా నోరు ఎంత పెద్దదో మీకు తెలుసు, మైకు లేకపోయినా వెనక బెంచీ దాకా వినిపిస్తుంది. అయినా ఈ రోజు నాలుగు మాటలు చెప్పడానికి నాకు భయమేస్తోంది, ఎందుకంటే ఇదే చోట నిలబడి ఒకప్పుడు నేను మీకు ఒక సాక్ష్యం చెప్పాను, ఆ తర్వాత జరిగింది మీకు చెప్పలేదు. ఆ చెప్పకపోవడమంతా నా భర్త నడుం మీద పడింది.

అవి తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన రోజులు. ఒకనాడు బంద్, ఇంకోనాడు రాస్తారోకో, ఎప్పుడు బస్సు నడుస్తుందో ఎప్పుడు ఆగుతుందో తెలియదు. మా అల్మాస్‌గూడలో అప్పటికి ప్లాట్ల మధ్య ఇంకా గడ్డి మడులు మిగిలే ఉన్నాయి, మా కొట్టంలో నాలుగు బర్రెలుండేవి. మా ఆయన జంగయ్య పొద్దున్నే పాలు పిండి, మోపెడ్‌కు క్యాన్లు కట్టుకుని కర్మన్‌ఘాట్, చంపాపేట్ కాలనీల్లో పోసి, మిగిలిన పాలు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దీక్ష టెంటు దగ్గర చాయ్‌కిచ్చి, కాసేపు పాటలు విని ఇంటికొచ్చేవాడు. బంద్ అయినా పాల బండికి దారి ఇచ్చేవారు కాబట్టి మాకు ఆగిన రోజు లేదు. ఆ మనిషి కూర్చుని తిన్న రోజు నేను చూడలేదు, అంత హుషారైనవాడు.

ఆ వానాకాలంలో మా పెద్ద బర్రె నెలలు నిండకుండానే చచ్చిన దూడను వేసింది. మా దిక్కున దాన్ని ఈసుకపోవడం అంటారు. కొన్నాళ్లకే ఇంకో బర్రె కూడా అట్లాగే చేసింది. దూడ వెనకాల పడాల్సిన మాయ పడకపోతే మా ఆయన మోచేతి దాకా వట్టి చెయ్యి పెట్టి తీశాడు, వాళ్ల నాన్న అట్లాగే తీసేవాడు, వాళ్ల తాతా అట్లాగే తీసేవాడు, మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. దూడనూ మాయనూ పేడకుప్ప వెనక పారేశాం. నేనైతే దిష్టి తగిలిందనుకున్నాను. ప్రభువును నమ్ముకున్నదాన్నే, అయినా దిష్టి అనే అనుకున్నాను, ఏం చెప్పమంటారు!

కొన్ని వారాలకు ఆయనకు జ్వరం పట్టింది. సాయంత్రమైతే ఒళ్లు కాలిపోయేది, తెల్లారేసరికి పరుపు తడిసేంత చెమట పట్టేది, కీళ్లన్నీ పట్టేసేవి. గల్లీలో ఉన్న ఆర్‌ఎంపీ మలేరియా అన్నాడు, తర్వాత టైఫాయిడ్ అన్నాడు, ఆయనిచ్చిన మాత్రలతో తగ్గకపోతే మానేశాం. మనిషి రోజురోజుకూ వాడిపోతున్నాడు. బలం రావాలని నేనేం చేశానో తెలుసా, పొద్దున్నే పొదుగు నుంచి నేరుగా గ్లాసులోకి పిండి, నురగ కూడా ఆరకముందే గుమ్మపాలు ఆయన చేత తాగించాను. కాచిన పాలలో ఏముంది, బలమంతా పచ్చిపాలలోనే ఉంటుందని మా అత్త చెప్పేది. ఒక చేత్తో ఆ గ్లాసు పట్టుకుని, ఇంకో చెయ్యి ఆయన తల మీద పెట్టి ప్రార్థించేదాన్ని. నా ప్రేమంతా ఆ గ్లాసులోనే ఉంది, ఆయన జబ్బు కూడా ఆ గ్లాసులోనే ఉందని నాకు తెలియదు.

అప్పుడు మీరంతా ఉపవాసముండి ప్రార్థించారు, నేను మరిచిపోలేదు. ఆ వారంలోనే జ్వరం దిగింది! ఆయన లేచి కూర్చున్నాడు, అన్నం అడిగాడు, కొట్టంలోకి నడిచి వెళ్లి బర్రెల వీపు నిమిరి వచ్చాడు. మేలు పొందినవాళ్లు వచ్చే ఆదివారానికల్లా సంఘంలో చెప్పకపోతే ఆ మేలు నిలవదని మన పెద్దలంటారు కదా, నాకు ఆదివారం దాకా ఆగడమే కష్టమైంది. ఆయనను ముందు బెంచీలో కూర్చోబెట్టి, ఇక్కడ నిలబడి, ఒక్క మాత్ర లేకుండా నా దేవుడు నా భర్తను లేపాడని, ఇక దవాఖాన గడప తొక్కే పని మాకు లేదని గట్టిగా చెప్పాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగా నచ్చాయి సహోదరులారా, అసలు చిక్కు అక్కడే మొదలైంది.

ఎందుకంటే పది రోజులు తిరక్కుండానే జ్వరం మళ్లీ వచ్చింది. నా తల కొట్టేసినట్టయింది. మీ దగ్గరికి వచ్చి, జ్వరం తిరిగొచ్చింది, మళ్లీ ప్రార్థించండి అని ఒక్క మాట చెబితే ఏం పోయేది? కాదు, నేను చెప్పలేదు. చెబితే దేవుని పేరుకు మచ్చ అని నాకు నేను చెప్పుకున్నాను, నిజానికి నేను కాచుకున్నది నా పేరును. ఆయన ఎందుకు రాలేదని పాస్టర్ గారు అడిగితే, పాల పని ఎక్కువైందని, టెంటు దగ్గరున్నాడని నోటికొచ్చింది చెప్పాను. దవాఖానకు పోదామని ఆయన అంటే, సంఘం ముందు అంత మాట అన్నాక ఏ ముఖం పెట్టుకుని పోదామని కసిరాను. జ్వరం తగ్గేది, మళ్లీ వచ్చేది. తగ్గిన ఆదివారం ఆయనను తీసుకొచ్చి మీకు చూపించేదాన్ని, వచ్చిన ఆదివారం ఇంట్లో పడుకోబెట్టి వచ్చేదాన్ని. వానాకాలం పోయి చలికాలం వచ్చింది, ఆయన నడుం వంగిపోతూ వచ్చింది, గుమ్మపాలు మాత్రం ఒక్క పూట తప్పలేదు.

అప్పట్లో మన సంఘానికి సత్యవతి గారని ఒకామె వచ్చేవారు, భీమవరం వైపు నుంచి వచ్చి కర్మన్‌ఘాట్ దగ్గర కాలనీలో కిరాయికి ఉండేవారు, మా దగ్గరే పాలు పోయించుకునేవారు. ఒకరోజు పాలకని మా ఇంటికే వచ్చి, గోడ పట్టుకుని నడుస్తున్న మా ఆయనను చూసి నన్ను పక్కకు పిలిచారు.

“బాలమణీ, జంగయ్య గారికి జ్వరం మళ్లీ వస్తున్నట్టుందమ్మా. మా అన్నయ్యకీ ఇలాగే తగ్గుతూ వస్తూ ఉండేది. మీ గేదెలేవైనా ఈసుకుపోయాయా? ఒక్కసారి రక్తం పరీక్ష చేయించండి.”

ఆ మాటలో ఏం తప్పుంది చెప్పండి? కానీ నా గుట్టు ఆమెకు దొరికిపోయిందని నాకు మంటెత్తింది. అప్పుడు ఊరంతా వేడి మీదుంది, ఎవరు ఎక్కడివాళ్లనే మాటలే నోళ్లలో నానుతున్నాయి, నేనూ అదే పట్టుకున్నాను.

“మా ఇంటి ముచ్చట మీకెందుకమ్మా? మీ ఊరి రోగాలు మీ ఊర్లనే ఉండనీయిన్రి” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్లిపోయారు, మళ్లీ మా పాలకు రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు అంత పని చేసింది.

తర్వాత ఒక బంద్ రోజు పొద్దున మా ఆయన మంచం మీద నుంచి కాళ్లు దించబోయి దించలేకపోయాడు. నేను చంకల కింద చేతులు పెట్టి లేపబోతే నొప్పికి కేక పెట్టాడు, ఆ తర్వాత నా వైపు చూశాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనని మనిషి, అప్పుడు కూడా తిట్టలేదు.

“నీ మాట నిలబడాలని నేను నోరు మూసుకొని పండుకున్న, బాలమణీ. ఇగ నాతోటి అయితలేదు.”

అయ్యో, ఆ మాట ఈ రోజుకీ నా చెవిలో ఉంది! నేను కొట్టంలోకి పరుగెత్తి, పేడలోనే మోకాళ్ల మీద పడ్డాను. నాకు పెద్ద ప్రార్థనలు చాలా వచ్చు, అప్పుడు మాత్రం ఒక్కటీ రాలేదు. “తండ్రీ, నా ముఖం పోతే పోనీ. నా మనిషిని నాకియ్యి. నేనే ఆపిన, నేనే దాచిన, నన్ను సూడకు, ఆయన్ను సూడు” అని మాత్రం ఏడ్చాను.

బయట ఒక్క ఆటో లేదు. అప్పుడే పక్కింటి వాళ్ల పాల ట్రాలీ కదులుతుంటే ఆపి, క్యాన్ల మధ్య గోనెసంచులు పరిచి ఆయనను పడుకోబెట్టాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి, రోడ్డుకడ్డంగా రాళ్లున్నాయి. మమ్మల్ని ఆపినవాళ్లలో మా ఊరి పెద్దమనిషి ఒకాయన లోపలికి తొంగిచూసి, “మాకు రోజూ చాయ్‌కు పాలిచ్చిన జంగన్న” అని గుర్తుపట్టి, తానే వంగి రాళ్లు జరిపి, దిల్‌సుఖ్‌నగర్‌లో దవాఖాన దాకా బండి ముందు నడిచాడు. ఎర్రసముద్రాన్ని పాయలు చేసిన దేవుడు నాకు ఆ రోజు అట్లా దారి చేశాడు, ఆయనకే మహిమ!

డాక్టరమ్మ అన్నీ విని ఇంట్లో పశువులున్నాయా, ఏదైనా ఈసుకపోయిందా, పచ్చిపాలు తాగుతారా అని అడిగింది. సత్యవతి గారు అడిగిన మాటే కదా! మూడింటికీ అవునని చెప్పాను. రక్తం పరీక్షలో తేలింది, అది ఈసుకపోయిన పశువుల మాయ నుంచీ పచ్చిపాల నుంచీ మనిషికి అంటే జ్వరమే, వారాల తరబడి సూదులూ మాత్రలూ వాడితే పోతుంది. ముందే వచ్చి ఉంటే నడుం దాకా పాకేది కాదమ్మా అని ఆమె మెల్లగా అంది. నేను దవాఖాన వరండాలో కూర్చుని రోజూ ప్రార్థించాను, ఈసారి చేతిలో పాల గ్లాసు లేదు. జ్వరం పోయింది, మళ్లీ రాలేదు. నా భర్త ప్రాణం నాకు దక్కింది.

పశువుల డాక్టరు వచ్చి బర్రెలకూ పరీక్ష చేస్తే, ఈసుకపోయిన రెండింటికీ ఆ రోగముంది. అంగట్లో అమ్మెయ్యమని ఊరివాళ్లు సలహా ఇచ్చారు, “ఇంకో ఇంటికి జ్వరం అమ్ముకుంటమా?” అని మా ఆయన మంచంలోంచే అన్నాడు. వాటిని విడిగా కట్టి పాలు ఆపేశాం. మేం పాలు పోసిన ప్రతి గేటు ముందూ నేనే ఆగి, జరిగింది చెప్పి, కాచకుండా చుక్క కూడా తాగొద్దన్నాను. కొందరు పాలు మానేశారు. నా వల్ల ఊరి పాలకే పేరు చెడిందని మావాళ్లు తిట్టారు, నేను తిరిగి ఒక్క మాట అనలేదు, నాకే ఆశ్చర్యమేసింది. మెల్లగా ఒక్కో ఇల్లూ దారికొచ్చింది. ఈనే బర్రెను ఇప్పుడు మావాళ్లు విడిగా కడతారు, చేతికి తొడుగు లేకుండా మాయ ముట్టరు, గుంత తీసి సున్నం చల్లి పూడుస్తారు, పెయ్య దూడలకు చిన్నప్పుడే టీకా వేయిస్తారు. ఈసుకపోయిన బర్రె మాట మా వాడలో విని చాలా కాలమైంది.

క్షమించమని అడగడానికి సత్యవతి గారి ఇంటికి వెళ్లాను. ఆమె ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఎక్కడికో పక్కవాళ్లకు తెలియదు. ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి, ఆమె కాళ్లు పట్టుకోవాలి. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా డప్పులతో చౌరస్తాకు పోతుంటే మా ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పటికీ ఆయన మోపెడ్ ఎక్కలేడు, ఇక్కడి మెట్లు కూడా ఎక్కలేడు, అందుకే నా పక్కన లేడు. దేవుడు క్షమించాడు, మా ఆయనా క్షమించాడు, కానీ ఆ వంగిన నడుం రోజూ నా కళ్ల ముందే తిరుగుతుంది.

అందుకే బతిమాలుతున్నాను. మీలో ఎవరింట్లోనైనా తగ్గిందని సాక్ష్యం చెప్పిన జబ్బు తిరిగొచ్చి ఉంటుంది, తాగుడు తిరిగొచ్చి ఉంటుంది, చెప్పుకోలేక మీ మనిషిని తలుపు వెనక దాచి వచ్చి ఉంటారు. మన దేవుడు అంత మాత్రానికి చిన్నబోడు, ఆయనను నమ్మండి, నమ్మి నోరు తెరవండి. కూడిక అయ్యాక నేను కింద మెట్ల దగ్గరే ఉంటాను. నాకు అంతా విడమరిచి చెప్పనవసరం లేదు, వచ్చి నా చెయ్యి పట్టుకోండి చాలు, ఇద్దరం ప్రార్థించుకుని అటు నుంచే దవాఖానకు పోదాం.