తమ్ముడు దిద్దిన ఒక్క అక్షరం

మొన్న ఊరవతల పల్సానాలో మా ఆయన పనిచేసే మగ్గాల షెడ్డుకు సద్ది పట్టుకెళ్లాను. అన్నీ కొత్త యంత్రాలు, మహా దర్జాగా ఉన్నాయి; పోగు తెగితే వాటంతటవే ఆగి నెత్తిన ఎర్రదీపం వెలిగించుకుంటున్నాయి. ఒకటి అలా ఆగితే పక్క యంత్రం మనిషి తలైనా తిప్పలేదు. ఉండబట్టలేక అడిగితే "అది నా నంబర్ గాదమ్మా" అన్నాడు. నాకు తమ్ముడు గుర్తొచ్చాడు.

నా ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, మావాళ్లు నేతపనికి వలసొచ్చి స్థిరపడ్డ గోడాదరాలో, మేం సాంచెలనే పాత మరమగ్గాల మధ్య ఒక కట్టుబాటు ఉండేది: తెగిన పోగు ఎవరి కంట పడితే వాళ్లే అతకాలి, సాంచె ఎవరిదైనా సరే. చూసి దాటిపోయినవాణ్ని మా నాయన నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఆ తిట్లు తింటూ పెరిగిన తమ్ముడు కంప్యూటర్ చదువు చదివి సాంచెల మోత తప్పించుకున్నాడు గానీ, ఆ బుద్ధి మాత్రం వాణ్ని వదల్లేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు వాడికి జ్వరమొచ్చి మా మేడమీది గదిలో ఒంటరిగా ఉన్నాడు. గుమ్మం దగ్గర గంజి పెట్టి చూస్తే లాప్‌టాప్ ముందు కూర్చుని దగ్గుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏందిరా, పానం బాగలేకున్నా గా డబ్బా మూయవా?"

"ఎవరిదో పోగు తెగిందక్కా. చూసినంక ఎట్ల ఇడిచిపెడుత?"

ఏయే దేశాలవాళ్లో కలిసి చేసి, అందరికీ ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేరట. దాన్నెలా వాడాలో చెప్పే పేజీలో ఒక్క అక్షరం తప్పు పడింది. అక్కడ ఉన్నది ఉన్నట్టు కొడితే దాచుకున్న పనంతా చెరిగిపోతుందట. వీడు దిద్ది పంపాడు, దాన్ని చూసుకునేవాళ్లు ఒప్పుకోవాలి.

ఆసుపత్రిలో చేర్చాక కూడా, ఊపిరందక మాట తెగిపోతున్నా, ఫోన్‌లో అదే అడిగేవాడు, ఒప్పుకున్నారా, జర చూడక్కా అని. వాడి స్నేహితుణ్ని కనుక్కుని, ఇంకా లేదురా అనేదాన్ని. ఆ తర్వాత ఫోన్ రాలేదు. ప్లాస్టిక్‌లో చుట్టిన నా తమ్ముణ్ని దూరం నుంచే చూపించారు, ముఖం కూడా చూడనివ్వలేదు. ఆ పాపిష్టి రోజుల్లో ఏడవడానికి పక్కింటివాళ్లయినా రాలేదు.

వాడు పోయిన వారానికి జవాబొచ్చిందని ఆ స్నేహితుడే ఫోన్ చేశాడు. దిద్దింది సరైనదేనట, అదే తప్పు కింద ఇంకోచోటా ఉందట, అదీ దిద్దితే తీసుకుంటామన్నారట. తనే దిద్ది తన పేరుతో పంపేస్తే తొందరగా తేలిపోతుందన్నాడతను. నేను ససేమిరా అన్నాను. నా తమ్ముడు మొదలుపెట్టిన అతుకు, దానికి వాడి పేరే ఉండాలి. తెరిచే ఉన్న వాడి లాప్‌టాప్ ముందు కూర్చుని, అతను ఫోన్‌లో చెబుతుంటే, ఏడుస్తూనే ఒక్కొక్క మీటా వెతికి నొక్కాను. ఒప్పుకున్నారు. తమ్ముడి పేరు పెట్టి ధన్యవాదాలు రాశారు. వాడు లేడని వాళ్లకేం తెలుసు!

ఆ సాంచెలు తుక్కు కింద అమ్ముడుపోయాయి. యంత్రం దీపం పెట్టి మరీ పిలుస్తున్నా, పక్కవాడి పోగు కోసం లేచేవాళ్లు లేరిప్పుడు. ఆ పేజీ మాత్రం ఉందట. అది చూసుకుని ఏ దేశంలో ఎవరు పనిచేసుకున్నా, వాళ్లదేమీ పోదు. పోయిందల్లా మాదే.