రేకుల షెడ్డు కుస్తీలకి నేను చెప్పిన అర్థాలు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదు. రాని ఆ రోజుల్లోనే నేనెంత గొప్ప అనువాదకుణ్ణో చింతపల్లిలో ఇద్దరు ఆడవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఇంగ్లీషు వచ్చింది, దాంతోనే నెలజీతం కూడా వస్తోంది. కానీ అప్పటిలా నా నోట్లోంచి మాట ఎప్పుడు పడుతుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు మళ్ళీ దొరకలేదు. మనిషికి చదువొచ్చాక వచ్చే కష్టాల్లో ఇదొకటి.

మా తాతగారి కాలంలో అనకాపల్లి వైపు నుంచి కొండెక్కి వచ్చిన కిరాణా కుటుంబం మాది. ముందు గదిలో ఉప్పు, సబ్బులు, అగ్గిపెట్టెలు అమ్మేవాళ్ళం. రైతులు తెచ్చిన మిరియాలు, పసుపు, పిప్పళ్ళు అక్కడే కొనేవాళ్ళం. వెనక గదిలో టీవీ ఉండేది. సంత రోజు మధ్యాహ్నం రెండింటికి అందులో ఒక కుస్తీ కార్యక్రమం వచ్చేది. అది పెద్ద కంపెనీ వాళ్ళది కాదు. వాళ్ళకి రంగురంగుల లైట్లూ, కండలు తిరిగిన మొనగాళ్ళూ ఉండేవాళ్ళు. ఇది ఏదో చిన్న కంపెనీ. అమెరికాలో ఎక్కడో ఒక మూల హాల్లో ఆడేవాళ్ళు. ఆ హాలు చూస్తే అచ్చం మా ఊళ్ళో కాఫీ గింజలు దాచే గోడౌనే. అందుకని మా ఇంట్లో దాని అసలు పేరు ఎవరికీ పట్టలేదు, ‘రేకుల షెడ్డు’ అనేవాళ్ళం. కుస్తీ పట్టేవాళ్ళకి పొట్టలుండేవి. ఒకడికి బట్టతల. ఒకడు మా పాడేరు జీపు డ్రైవరు పోలికే (వాణ్ణి కొడుతుంటే డ్రైవరు మీద అప్పటిదాకా ఉన్న కోపాలన్నీ తీరిపోయేవి). జనం ఎంత దగ్గరగా కూర్చునేవాళ్ళంటే, బరిలోవాడు విసిరిన కుర్చీ వాళ్ళ ఒళ్ళోనే పడేది. వాళ్ళే మళ్ళీ అందించేవాళ్ళు.

దీనికి పెద్ద అభిమాని మా అమ్మ. శనివారాలు ఒంటిపూట భోజనం చేసే మనిషి, బొద్దింకని కూడా చంపకుండా కాగితం మీదికి ఎక్కించి బయట వదిలే మనిషి. సంత రోజు మధ్యాహ్నం మాత్రం టీవీ ముందు పీటేసుకుని, నెత్తి పగిలి రక్తం కారుతున్నవాడికి “కుర్చీ తియ్యి నాయనా, కుర్చీ తియ్యి” అని మెల్లగా సలహా ఇచ్చేది. అన్నానికి ఇంటికొచ్చిన నన్ను మళ్ళీ బడికి పంపాలని ఆ ఒక్కరోజు ఆవిడకి గుర్తుండేది కాదు. నేనూ గుర్తు చేసేవాణ్ణి కాదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు.

రెండో అభిమాని మిరియాలత్త. పేరు అది కాదు. లోపలి కొండ ఊరి నుంచి ప్రతి సంతకీ మిరియాల బస్తా తెచ్చి మా కొట్లోనే వేసేది గనక నేను పెట్టుకున్న పేరది. భర్త పోయాడు, పిల్లలు చిన్నవాళ్ళు. ఒక సంత రోజు మంచినీళ్ళు తాగడానికి వెనక గదిలోకొచ్చింది. అప్పుడే తెర మీద నుదుటికి గుడ్డ కట్టుకున్న ఒక బక్క మనిషిని తెల్లటి లావుపాటి వాడొకడు కుర్చీతో బాదుతున్నాడు. ఎందుకు కొడుతున్నాడని మిరియాలత్త అమ్మనడిగింది. అమ్మ నన్నడిగింది. “ఏటంతన్నాడ్రా ఆడు? ఇంగ్లీషు మీడియమన్నావు గదా.”

మీడియం సంగతి నిజమే. ఇంగ్లీషు సంగతే అబద్ధం. ఆ కామెంటరీలో నాకు అర్థమయ్యేవి ‘వన్, టూ, త్రీ’ మాత్రమే. అయినా ఆ ఇద్దరి మొహాలూ చూశాక తెలీదని చెప్పబుద్ధి కాలేదు. ఆ బక్కవాడి చెల్లెలికి కొండవాలున కొంచెం భూమి ఉందనీ, మొగుడు పోయాక దాన్ని ఈ లావుపాటి వాడు తనదేనని ఆక్రమించాడనీ, అది విడిపించడానికే అన్న కొట్లాడుతున్నాడనీ చెప్పేశాను. అంత కథ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ పొద్దున్నే మిరియాలత్త తన బావగారు మిరియాల తోట తనదంటున్నాడని తూకం దగ్గర మా నాన్నతో చెప్పుకుంటోంది. చెవిలో పడ్డది నోట్లోంచి వచ్చేసింది, అంతే. మిరియాలత్త నీళ్ళగ్లాసు పట్టుకునే కింద కూర్చుంది. ఆట అయ్యేదాకా లేవలేదు.

అలా నాలుగేళ్ళు నడిచింది. బక్కవాడికి ‘తలకట్టోడు’ అని, లావువాడికి ‘పాలడబ్బా’ అని పేర్లు పెట్టాం. మధ్యలో చారల చొక్కాతో తిరిగే రెఫరీని నేను తాసిల్దారుని చేశాను. కుర్చీ లేచేసరికి సరిగ్గా అటు తిరిగిపోయేవాడు గనక దాన్ని ఎవరూ అనుమానించలేదు. ఏ వారమైనా తలకట్టోడు ఓడిపోతే, కాగితాల్లో ఏదో సంతకం తక్కువైందని చెప్పేవాణ్ణి. పాలడబ్బా మైకు పట్టుకుని అరిస్తే, చెల్లెలి తోటలో చెట్లు నరికిస్తానని బెదిరిస్తున్నాడనేవాణ్ణి. మిరియాలత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఒకసారి తలకట్టోడు నిచ్చెనెక్కి పాలడబ్బా మీదికి దూకితే, అమ్మా ఆవిడా ఒకరి చెయ్యి ఒకరు పట్టేసుకున్నారు. అంతకుముందు కొట్టుగలావిడగా, సరుకు తెచ్చే మనిషిగా గడపకి ఇటూ అటూ ఉండేవాళ్ళు, ఆ తర్వాత వదినా వదినా అనుకున్నారు. నేను ఆవిడకి అల్లుణ్ణయ్యాను.

ఒక సంత రోజు రెండింటికి టీవీ పెడితే, పొట్ట తగ్గించే బెల్టు గురించి ఒకామె చెబుతోంది. తర్వాతి వారమూ ఆ బెల్టే. చిన్న కంపెనీ చితికిపోయిందనీ, పెద్ద కంపెనీ దాన్ని కొనేసిందనీ చాలా రోజులకి తెలిసింది. బెల్టు మొదలైన ఆ వారమే తలకట్టోడికీ పాలడబ్బాకీ ఆఖరి ఆట జరగాల్సింది. నేను ఇంటర్ పాసై డిగ్రీకి నర్సీపట్నం వెళ్ళిపోయాను. సెలవులకి వచ్చినప్పుడల్లా మిరియాలత్త అడిగేది, ఆళ్ళు మళ్ళీ మొదలెట్టినారా అల్లుడూ అని. లేదనేవాణ్ణి. వానలకి రోడ్డు కొట్టుకుపోయిన ఊరి గురించి అడుగుతున్నట్టుండేది ఆ అడగడం.

డిగ్రీలో నాకు నిజంగానే ఇంగ్లీషు పట్టుబడింది. ఆఖరి పరీక్షలయ్యాక ఇంటర్నెట్ సెంటర్లో ఒకరోజు చూస్తే, పెద్ద కంపెనీ వాళ్ళు ఆ పాత పేరుతోనే కార్యక్రమం మళ్ళీ మొదలుపెడుతున్నారట, పాతవాళ్ళు కూడా వస్తారట. ఆ వార్త మోసుకుని జీపు ఎక్కాను. ఘాటీ రోడ్డంతా డ్రైవరుకి కూడా అదే చెప్పాను. ఆ సంతకి అమ్మ జంతికలు వండింది. మిరియాలత్త కొత్త చీర కట్టుకుని, మాకని ఒక సంచీడు రాజ్మా తెచ్చింది. ఏనాడూ టీవీ వైపు చూడని మా నాన్న కూడా సగం షట్టరు దించి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

రేకుల షెడ్డు లేదు. విమానాలు దిగేటంత స్టేడియం ఉంది. మంటలు, పొగ, లైట్లు. జనం ఎక్కడో దూరంగా, పెళ్ళిలో రెండో బంతికి కూర్చున్నవాళ్ళలా చల్లగా ఉన్నారు. బంగారు రంగు నిక్కరు వేసుకున్న కుర్రవాడొకడు వచ్చి మైకు పట్టుకున్నాడు. పావుగంట వదల్లేదు. ఏమంటున్నాడని అమ్మ అడిగింది. నేనిప్పుడు పట్టభద్రుణ్ణి కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను, తన ఒళ్ళు చాలా అందంగా ఉందంటున్నాడని. కాసేపాగి మళ్ళీ అడిగింది. ఇంకా ఒళ్ళు గురించేనన్నాను. అప్పుడు తలకట్టోడు వచ్చాడు. గడ్డం నెరిసింది. నుదుటికి గుడ్డ లేదు, ఒంటి మీద కంపెనీ కొత్త చొక్కా ఉంది. తనని మళ్ళీ పిలిచినందుకు కంపెనీకి దండాలు చెప్పుకున్నాడు. పాలడబ్బా ఊసే లేదు. రెండు నిమిషాల్లో బంగారు నిక్కరు వాడు ఆయన్ని పడేసి మీద కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి తలకట్టోడు పడుతూ లేస్తూ కుర్చీ అందుకోబోతే, రెఫరీ దాన్ని లాక్కుని, శుభ్రంగా మడిచి పక్కన పెట్టాడు. తాసిల్దారు ఇంత మంచోడెప్పుడయ్యాడని అమ్మ ఆశ్చర్యపోయింది.

మిరియాలత్త ఆట అయ్యాక నా వైపు తిరిగి అడిగింది. “మరి ఆడి సెల్లి బూమి ఏటయింది అల్లుడూ?”

ఆ వయసులో నిజం చెప్పడమంటే ఏదో పతకం గెలుచుకోవడం లాంటిదనుకునేవాణ్ణి. చెల్లి లేదు, భూమి లేదు, నాకప్పుడు ఇంగ్లీషే రాదు, అదంతా నేను కల్పించిందేనని చెప్పేశాను. చెప్పి ఊరుకున్నా బాగుండేది. అసలు ఈ కుస్తీలన్నీ ఉత్తవే, ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని కూడా వివరించాను (ఎవరూ అడగలేదు). ఆవిడ కొంగు సర్దుకుని లేచి, జీపు పోతుందంటూ వెళ్ళిపోయింది. జంతికలు అలాగే ఉండిపోయాయి. అమ్మ మూడు రోజులు నా కంచంలో అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. నాలుగో రోజు, నిన్ను డిగ్రీ చదివించకుండా ఉండాల్సిందిరా అంది, ‘కుర్చీ తియ్యి’ అన్నంత నెమ్మదిగా.

కొత్త కార్యక్రమం నడుస్తూనే ఉంది. అమ్మ ఇంకో రెండు వారాలు చూసి మానేసింది. ఇంటర్నెట్ సెంటర్లో చూస్తే ప్రపంచమంతా తిడుతోంది. ఆ హాలు ఏదీ, ఆ జనం ఏరీ, పాతవాళ్ళని పిలిచి కొత్తవాళ్ళకి మెట్లుగా వేశారేంటి, పేరొక్కటీ కొనుక్కుని లోపలి సరుకు మార్చేశారని. ప్రతిదానికీ తలూపాను. కానీ మా వెనక గదికి మిరియాలత్త రాకపోవడానికి కారణం వీటిలో ఏదీ కాదు. రెండు సంతలకి మిరియాలు పక్కింటివాళ్ళ చేత పంపింది గానీ ఆవిడ రాలేదు.

మూడో వారం నేనే బయల్దేరాను. జీపు ఆగిన చోటు నుంచి గంట నడక. పొద్దెక్కినా మంచు విడలేదు. ఆవిడ తోటలో ఉంది. సిల్వర్ ఓక్ చెట్టుకి వెదురు నిచ్చెన ఆనించి, పైన పాదు నుంచి మిరియాల గెలలు కోస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నిచ్చెన జారుతోంది, పట్టుకోమంది. పట్టుకుని, తలెత్తి, దారంతా తయారు చేసుకున్న క్షమాపణ చెప్పాను. ఆవిడ గెలలు కోస్తూనే విన్నది.

“కల్పించినావని నాకు తెల్దా? మా బావ యవ్వారం మొత్తం తెల్లోడి నెత్తిన పెట్టినావు, మొదటి సంతనాడే తెలిసింది. అందుకే గదా కూకున్నాను. మావోళ్ళు ఎవులూ నా పక్కన కొట్లాడనేదు, ఆడొక్కడే కొట్లాడినాడు. ఇంగ్లీసు వచ్చిందని కత సగంలో వదిలేత్తావా? అది నీ తప్పు.”

సరే, పూర్తి చేస్తానన్నాను. నిచ్చెన పట్టుకుని మొదలుపెట్టాను. తలకట్టోడు కోర్టుకి వెళ్ళాడనీ, తగిన ఉత్తర్వులు జారీ అయ్యాయనీ, సంబంధిత అధికారులు విచారణ చేపట్టారనీ చెప్పుకుపోయాను. నా చెవులకే అది గోడకంటించిన నోటీసులా వినబడుతోంది. ఒకప్పుడు తెర మీద ఒకడు చెయ్యెత్తితే చాలు, నాకు కథ వచ్చేది. ఇప్పుడు తలలో వ్యాకరణం తప్ప ఏమీ లేదు. మిరియాలత్త కాసేపు ఓర్చుకుని, ఇక ఆగమంది. తనే పైనుంచి చెప్పడం మొదలెట్టింది.

ఆవిడ చెప్పిన కథలో తలకట్టోడు కుస్తీలు మానేశాడు. కొట్లాటతో తాసిల్దారు ఇటు తిరగడని అతనికి తెలిసొచ్చింది. అప్పుడు చెల్లెలు లేచింది. సంతలో సరుకు వేసి, చద్దన్నం మూట పట్టుకుని, ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. రేపు రమ్మంటే రేపు, పై వారం రమ్మంటే పై వారం. పాలడబ్బా కొడుకులు ఎదురుగా నిలబడి నవ్వేవాళ్ళు. ఆవిడ మెట్టు దిగలేదు. నాటిన మొక్కలు ఇంత లావైన ఏడాది (చెట్టుని అరచేత్తో చరిచి చూపించింది) చేతికి కాయితం వచ్చింది. అలా మిరియాలత్తకే పట్టా వచ్చి అప్పటికి ఏడాది దాటిందట. మా అమ్మకీ నాన్నకీ తెలుసు. నర్సీపట్నంలో కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుంటున్న నాకే తెలీదు, ఎప్పుడూ అడగలేదు.

మరి తలకట్టోడు ఏమయ్యాడత్తా అని అడిగాను. ఆవిడ కిందికి నా వైపు చూసి, “ఆడా? ఆడు నిచ్చెన పట్టుకుంతాడు” అంది. పై సంతకి మిరియాలు తనే తెచ్చింది. టీవీ ఎవరూ పెట్టలేదు. ఇద్దరూ మధ్యాహ్నమంతా మాట్లాడుకుంటూ కూర్చున్నారు, నేను నాన్నతో తూకం దగ్గర నిలబడ్డాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. విశాఖపట్నంలో ఒక ఆఫీసులో ఇంగ్లీషు కాగితాల్ని తెలుగు చేసే ఉద్యోగం. ఒక్క అక్షరం సొంతంగా కలపకూడదు, కలపను కూడా. ఆ కొత్త కంపెనీ మూతపడి చాలా కాలమైంది. అయినా అభిమానులు ఇంటర్నెట్లో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, అది ఎందుకు పాడైందని. మొన్నొక ఆదివారం మధ్యాహ్నం పొట్ట మీద ఫోను పెట్టుకుని చదువుతూ, ఉండబట్టలేక నేనూ ఒక ముక్క రాశాను, మా ఊళ్ళో అది పాడైంది నా వల్లేనని. ఐదు నిమిషాల్లో ఎక్కడో అమెరికా నుంచి ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు, అయ్యా, తమరు అందులో ఏ పేరుతో కుస్తీ పట్టేవారు అని. సమాధానం రాద్దామని వేళ్ళు పెట్టాను. భూతకాలంలో రాయాలో వర్తమానంలో రాయాలో, ఏ పేరు రాయాలో తోచలేదు. మా ఆవిడ టీ తెచ్చి, ఒక్కరే కూర్చుని ఎందుకు నవ్వుతున్నారని అడిగింది.