అడవులదీవిలో ఎండు నెత్తళ్ళు

బాపట్లలో హోమ్ సైన్స్ చదువుతున్నాను. కాలేజీవాళ్ళు పంపితే ఈ రోజు అడవులదీవి వెళ్ళి, పిల్లల ఎముకలకు ఎండు నెత్తళ్ళలాంటి చిన్న చేపలు మంచివని తల్లులకు చెప్పాను. నలుగురిలో తడబడకుండా మాట్లాడడం నాకదే మొదటిసారి. ఒకావిడ వెంటనే ఇంటికెళ్ళి నెత్తళ్ళు వేయించి తెచ్చింది. పక్కన నాలుగేళ్ళ కూతురు.

“ఇది ముట్టదు మేడం. మీరొకటి తినండి, మిమ్మల్ని చూసి తింటది.”

నాకు ఆ వాసన పడదు. “శనివారం తిననండి,” అనేశాను.

“ఇవాళ శుక్రవారమండి,” అంది ఆవిడ మెల్లగా.

పాప పళ్ళెం తోసేసి, “నాకూ శనివారమే,” అంది.

అందరూ నవ్వారు, తల్లి తప్ప.

వచ్చే వారం మళ్ళీ వెళ్ళి ఆ పాప ఎదుట కూర్చుని తినాలి. ఎండుచేపల వాసన ఎలా అలవాటు చేసుకోవాలో తెలిసినవారు చెప్పండి.