నా కొడుకు నిశాని గాదు

మొన్న గద్వాల కోర్టు వరండాలో, ఇప్పుడు నా ఆఫీసు చూసుకుంటున్న మా మేనల్లుడు ఫోన్ నా ముందు పెట్టి, తన కక్షిదారు హెబియస్ కార్పస్ పిటిషన్‌ను హైకోర్టు కొట్టేసిందనీ, ఆ తీర్పు తెలుగులో కూడా వచ్చిందనీ చెప్పాడు. పిటిషన్ పోయిన బాధకంటే తెలుగులో వచ్చిందన్న సంబరమే వాడికి ఎక్కువగా ఉంది. నాకు మాత్రం కొన్నేళ్ల కిందట నా చేతుల మీదుగానే పోయిన పిటిషనొకటి గుర్తొచ్చి, ఆ పూట అన్నం సయించలేదు.

ఆ పిటిషన్ ఒక ఆటోవాడి కోసం వేసింది. అతను గద్వాల నుంచి పెద్దమందడికి, తెలకపల్లికి ఆటోలో పత్తి విత్తనాల బస్తాలు చేరవేసేవాడు. బస్తాలో ఏముందని అడిగే అలవాటు కిరాయి బండివాళ్లకు ఉండదు. ఆ ఏడు విత్తనం మొలవలేదు, రైతులు మునిగారు, అసలు వ్యాపారి మాయమయ్యాడు, దొరికింది ఆటో. నకిలీ విత్తనాలవాడని ముద్రవేసి, విచారణ లేకుండా ఏడాదిదాకా లోపల ఉంచే ముందస్తు నిర్బంధం కింద అతన్ని జైల్లో పెట్టారు.

పట్టి ఉంచిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించి విడిపించమని అతని తల్లి పేర పిటిషన్ తయారుచేశాను. వేలిముద్ర వేసేవాళ్లను మా పాలమూరులో నిశాని అంటారని, అలా అనిపించుకోవడం ఎంత నామోషీయో మన తరంవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆమె నిశానే, కొడుకు మాత్రం అక్షరాల బడిలో సంతకందాకా నేర్చుకుని ఆగిపోయాడు. అఫిడవిట్ రాస్తుంటే ఆమె, "నా కొడుకు నిశాని గాదు సారూ, సంతకం జేస్తడు, సదువుకున్నోడని రాయుండ్రి" అంది. పోనీలే, తల్లి ముచ్చట, దీనివల్ల పోయేదేముందని పదో తరగతిదాకా చదివాడని రాశాను. అంతకంటే బుద్ధితక్కువ పని నా ప్రాక్టీసులో మరొకటి చేయలేదు.

ఎందుకంటే, జైల్లో అతనికిచ్చిన కాగితాల కట్ట ఆ తర్వాతగానీ నా చేతికి రాలేదు. చూస్తే అంతా ఇంగ్లీషే. తనను ఎందుకు పట్టుకున్నారో మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పకపోతే ఆ నిర్బంధం నిలవదు. అదే వాదించాం. పదో తరగతి చదివినవాడికి ఇంగ్లీషు అర్థం కాదా అని ప్రభుత్వ వకీలు లేచి మా అఫిడవిట్టే చదివాడు, పిటిషన్ కొట్టేశారు.

ఇక మిగిలింది ఢిల్లీకి అప్పీలు. దానికి, కొడుక్కి చదువు రాదని తల్లి మరో అఫిడవిట్ ఇవ్వాలి. చెప్పగానే ఆమె కొంగు నలిపింది. తర్వాత, "గట్ల రాస్తే పోరడు బయటికొస్తడా?" అని ఒక్కటే అడిగింది. రావచ్చు అన్నాను. బొటనవేలు సిరాకు అద్ది, తల తిప్పుకుని ముద్ర వేసింది.

అప్పీలు విచారణకు తీసుకున్నారు. నోటీసులన్నారు, జవాబుకు గడువన్నారు, సెలవులన్నారు. ప్రతి సంత రోజూ ఆమె వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేది, నేను వచ్చే వాయిదా చెప్పి పంపేవాణ్ని. కొడుకు లోపలికెళ్లిన పదో నెలలో ఆమె ఛాతీనొప్పితో దవాఖానలోనే పోయింది. కొడుకును పంపడానికి అనుమతి తెచ్చేసరికి మూడోనాడు కాకికి ముద్ద పెట్టే పిట్టకు పెట్టుడు కూడా అయిపోయింది. ఏడాది నిండాక అతన్ని వదిలారు. మనిషి బయటికి వచ్చేశాడు కనుక తేల్చడానికేమీ లేదని అటు తర్వాత అప్పీలు మూసేశారు. ఆ ఏడాది న్యాయమో అన్యాయమో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

విడుదలైన వారానికి అతను నా దగ్గరికొచ్చి, తల్లి ఆఖరుసారి వేలిముద్ర వేసిన కాగితం తీయించి, "అవ్వ ఏం రాయిచ్చిందో జర సదువుండ్రి సారూ" అన్నాడు. చదివాను. నాలుగో పేరా రాగానే, కొడుక్కి చదవడం రాదన్న ఆ ఒక్క వాక్యం వదిలేసి ముందుకు పోయాను. అతను ఆమె వేలిముద్ర మీద తన వేలు ఆనించి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు కాలం మారింది. కాగితాలు క్షణాల్లో వస్తున్నాయి, మన భాషలో వస్తున్నాయి, మంచిదే, మా రోజుల్లో అది ఉంటే ఆ తల్లి కొడుకును చూసుకునే పోయేదేమో. మొన్న మేనల్లుణ్ని ఒక్క మాటే అడిగాను: జైల్లో ఉన్న మీవాడికి తెలుగు చదవడం వచ్చా, నువ్వు చదివించి చూశావా అని.

వాడు ఫోన్ జేబులో పెట్టుకుని, "వాడికి చదువొస్తదని వాళ్లమ్మ చెప్పింది మామా" అన్నాడు.